ఈతకు ముందో పావుగంట, తరవాతో పావుగంట



వేసవి సెలవులు మొదలయ్యాయంటే మన పట్టణాల్లో ఈత కొలనుల ముందు బళ్ళు బారులు తీరతాయి. గంటకో బ్యాచ్. ఆరు గంటల బ్యాచ్ పిల్ల ఆరుకు రెండు నిమిషాల ముందు బండి దిగుతుంది. గబగబా క్యాప్ పెట్టుకుని, గాగుల్స్ సర్దుకుని, విజిల్ వినపడగానే నీళ్ళలోకి దూకుతుంది. ఏడు కాగానే మళ్ళీ విజిల్. అప్పటిదాకా రొప్పుతూ ఈదిన పిల్ల ఉన్నపళంగా నిచ్చెనెక్కి బయటికొచ్చి, తడి జుట్టుతోనే బండెక్కి వెళ్ళిపోతుంది. కట్టిన ఫీజుకు గంటకు గంటా నీళ్ళలోనే ఉందని తల్లిదండ్రులకు తృప్తి. నా బాధంతా అక్కడే. ఈతకు ముందు ఒక పావుగంట, ఈత అయ్యాక ఒక పావుగంట ఆ పిల్ల ఒంటికి దక్కాలి. దక్కడం లేదు. ముందుది వార్మప్, తరవాతది కూల్‌డౌన్. పేర్లు అందరికీ తెలుసు. టైము చాలనప్పుడు అందరూ మొదట కోసేసేదీ వాటినే.

ఒంట్లో ఏం జరుగుతుందో ముందు చూద్దాం. ఊరికే కూర్చుని ఉన్నప్పుడు గుండె పంపే రక్తంలో కండరాలకు వెళ్ళేది ఐదో వంతో, ఇంకా తక్కువో. గట్టిగా వ్యాయామం చేసేటప్పుడు అది ఐదింట నాలుగు వంతుల దాకా పెరుగుతుంది. పొట్టకూ పేగులకూ వెళ్ళే రక్తాన్ని తగ్గించి, కాళ్ళకూ చేతులకూ మళ్ళించే ఏర్పాటు మన ఒంట్లోనే ఉంది. కానీ ఆ మళ్ళింపు విజిల్ ఊదిన క్షణంలో జరిగిపోదు. దానికి కొన్ని నిమిషాలు పడుతుంది. ఆ నిమిషాలు ఇవ్వకుండా మొదటి 50 మీటర్లే బలంగా ఈదమంటే, ఆక్సిజన్ చాలని కండరాలు వేరే దారిన శక్తిని తయారుచేసుకుంటాయి. పిల్ల రెండో ల్యాప్‌కే డస్సిపోతుంది. గట్టు మీద ఉన్నవాళ్ళం దానికి స్టామినా లేదని తీర్పు చెప్పేస్తాం. లేనిది స్టామినా కాదు, వార్మప్.

కండరం కాస్త వేడెక్కితే చాలా మేలు జరుగుతుంది. రక్తంలోని హిమోగ్లోబిన్ ఆక్సిజన్‌ను తేలిగ్గా వదులుతుంది. నరాల నుంచి కండరానికి ఆజ్ఞ త్వరగా అందుతుంది. కండరం ముడుచుకోవడం, వదులవడం వేగంగా సాగుతుంది. కీళ్ళలో ఉండే జిగురు ద్రవం సంగతి చూడండి. చలికాలంలో గిన్నెలో పేరుకున్న నెయ్యి పొయ్యి పక్కన పెడితే ఎలా జారుతుందో, కీలు కదిలించిన కొద్దీ ఆ ద్రవం కూడా అలా పల్చబడి కీలంతా పరుచుకుంటుంది. భుజం, తుంటి, మోకాలు, చీలమండ, అన్నింటికీ ఇదే లెక్క.

మరి నేల మీద ఆడే ఆటలకూ ఇంతే కదా, ఈతకు ప్రత్యేకం ఏముంది అనవచ్చు. ఉంది. నీళ్ళు గాలి కంటే సుమారు 25 రెట్లు వేగంగా ఒంటి వేడిని లాగేస్తాయి. పోటీ కొలనులో నీళ్ళు 25 నుంచి 28 డిగ్రీల మధ్య ఉండాలని అంతర్జాతీయ ఈత సంస్థ వరల్డ్ ఆక్వాటిక్స్ నియమం. మన ఒంటి వేడి 37 డిగ్రీలు. పరుగు పందెం కుర్రవాడు వార్మప్ చేసి నిలబడితే వేడి కొంతసేపు నిలుస్తుంది. ఈతగాడు నీళ్ళలో కదలకుండా నిలబడితే ఇట్టే పోతుంది. పిల్లల్లో మరీను. వాళ్ళ బరువుతో పోలిస్తే చర్మం వైశాల్యం పెద్దవాళ్ళకంటే ఎక్కువ, చాలామందికి చర్మం కింద కొవ్వు తక్కువ. బక్కపల్చటి ఎనిమిదేళ్ళ పిల్లవాడు గట్టు పట్టుకుని కోచ్ చెప్పేది కాసేపు వింటే చాలు, పళ్ళు టకటకలాడతాయి. అందుకే మాటలన్నీ గట్టు మీదే అయిపోవాలి. నీళ్ళలోకి దిగాక కదులుతూ ఉండాలి.

రెండో తేడా భుజం. ఫుట్‌బాల్ ఆడేవాడికి కాళ్ళు ఎలాగో ఈతగాడికి భుజాలు అలాగ. మన ఒంట్లో అన్నింటికంటే ఎక్కువ దిక్కులకు తిరిగే కీలు భుజమే. అంతలా తిరగాలి కాబట్టే అక్కడి గిన్నె లోతు తక్కువ. ఎముక తల పెద్దది, దాన్ని పట్టుకున్న గిన్నె చిన్నది. జారిపోకుండా కాపాడేది చుట్టూ ఉన్న నాలుగు చిన్న కండరాలు, వాటి స్నాయువులు. ఇప్పుడొక లెక్క వేద్దాం. పోటీలకు తయారవుతున్న పన్నెండేళ్ళ పిల్ల రోజుకు 3 కిలోమీటర్లు ఈదుతుందనుకోండి. 25 మీటర్ల కొలనులో అవి 120 ల్యాపులు. ఫ్రీస్టయిల్‌లో ల్యాపుకు రెండు చేతులూ కలిపి 20 స్ట్రోకులనుకుంటే, ఒక్కో చెయ్యి రోజుకు 1,200 సార్లు తిరుగుతుంది. వారానికి ఆరు రోజులైతే 7,200 సార్లు. ఇంకా ఎదిగే ఎముక, ఇంకా గట్టిపడని స్నాయువు. ఇంత పని చేయబోయే కీలును నిద్రలో నుంచి లేపినట్టు లేపి నేరుగా పనిలోకి తోసేయడం ఎంత అన్యాయం!

పల్లెల్లో పెరిగిన పెద్దవాళ్ళు ఒక మాట అంటారు. మేము బెండ్లు కట్టుకుని దిగుడు బావుల్లో ఈత నేర్చుకున్నాం, మాకు ఏ వార్మప్‌లూ లేవు, మాకేమైంది అని. న్యాయమైన ప్రశ్నే. కానీ వాళ్ళు బావి దగ్గరికి బండి మీద వెళ్ళలేదు. పొలం గట్ల మీద నడిచి, చెట్లెక్కి, ఒకర్నొకరు తరుముకుని చెమట పట్టాక దూకారు. దూకాక అలసిపోతే మెట్ల మీద కూర్చున్నారు. మళ్ళీ నడిచే ఇంటికొచ్చారు. పైగా వాళ్ళెవరూ స్టాప్‌వాచ్ ముందు వారానికి ఆరు రోజులు మూడేసి కిలోమీటర్లు ఈదలేదు. ఈనాటి పిల్లలు నిద్ర కళ్ళతో లేచి, వెనక సీటులో ఒదిగి కూర్చుని వచ్చి, నేరుగా శిక్షణలోకి దిగుతున్నారు. బతుకు తీరు మారింది కనక, అప్పుడు దానంతట అదే జరిగిపోయిన పని ఇప్పుడు మనం పూనుకుని చేయించాలి.

సరే, ఏం చేయించాలి? మొదటి పది నిమిషాలు గట్టు మీద. గట్టు తడిగా ఉంటుంది కాబట్టి పరుగులు వద్దు. పొడిగా ఉన్న చోటు చూసుకుని చురుగ్గా నడక, ఉన్నచోటే మోకాళ్ళు ఎత్తడం, వీలుంటే స్కిప్పింగ్ తాడు. కాస్త ఒళ్ళు వెచ్చబడ్డాక భుజాలు. ముందు భుజాల్ని చెవుల దాకా ఎత్తి దించడం. తరవాత వీపు మీది రెక్క ఎముకల్ని దగ్గరికి లాగి వదలడం. ఇది చాలామంది వదిలేస్తారు, నా దృష్టిలో అన్నింటికంటే ముఖ్యమైనది ఇదే. చెయ్యి తిరిగేటప్పుడు దాని పునాది ఆ రెక్క ఎముకే. ఆ తరవాత చేతుల్ని చిన్న చిన్న సున్నాలుగా తిప్పడం, సున్నాలు క్రమంగా పెద్దవి చేయడం, ముందుకు కొన్ని, వెనక్కి కొన్ని. నడుము అటూ ఇటూ తిప్పడం, గోడ పట్టుకుని కాలు ముందుకూ వెనక్కీ ఊపడం, చీలమండ గుండ్రంగా తిప్పడం. సగం గుంజీలు ఓ పది. చివర్లో చేతులు తల మీదుగా చాచి, ఒక అరచేతి మీద ఇంకో అరచెయ్యి పెట్టి, నీళ్ళలో గోడ తన్నినప్పుడు ఉండే భంగిమలో నాలుగైదు గెంతులు. ఇదంతా కదులుతూ చేసేది. ఎక్కడా లాగిపట్టి నిమిషాల తరబడి ఉంచేది లేదు. ఒక కండరాన్ని నిమిషం పైగా లాగిపట్టి ఉంచితే ఆ వెంటనే దాని బలం కొంత తగ్గుతుందని పరిశోధనలు చెబుతున్నాయి. అలాంటి సాగదీతల చోటు ఈత అయ్యాక.

ఇక్కడ రెండు విషయాల్లో పిల్లల్ని గట్టిగా ఆపాలి. ఒకటి, జతగాడి చేత చేతులు వెనక్కి లాగించుకోవడం. ఒకడు నిలబడి చేతులు వెనక్కి చాచితే, ఇంకొకడు వెనక నుంచి మణికట్లు పట్టుకుని దగ్గరికి లాగుతాడు. చేతులు కలిసిపోతే అదొక గొప్ప. చూడ్డానికి సర్కస్‌లా ఉంటుంది, పక్కనున్న పిల్లలు చప్పట్లు కొడతారు. అప్పుడు సాగుతున్నది కండరం కాదు, భుజం కీలును ముందు వైపు పట్టి ఉంచే పొర. ఈత పిల్లలకు అసలే ఆ కీలు వదులుగా ఉంటుంది. ఇంకా వదులు చేస్తే ఎముక తల గిన్నెలో అటూ ఇటూ జారి, స్నాయువులు నలిగి, ఈతనే మానుకోవాల్సిన నొప్పి రావచ్చు. ఈ ఒక్క అలవాటు మాన్పించినా ఎన్నో భుజాలు బాగుపడతాయి.

రెండోది ఇంకా ప్రమాదం. దిగే ముందు గబగబా పదిసార్లు గాఢంగా ఊపిరి తీసి, నీళ్ళ కింద ఎవరెక్కువసేపు ఉంటారో పందెం వేసుకోవడం. అది వార్మప్ అనుకునే పిల్లలున్నారు. గబగబా ఊపిరి తీస్తే ఆక్సిజన్ పెద్దగా పెరగదు, కార్బన్ డయాక్సైడ్ తగ్గుతుంది. ఇక ఊపిరి తీయాలి అని మెదడును తొందరపెట్టేది ఆ కార్బన్ డయాక్సైడే. అది తగ్గడంతో తొందర పుట్టకముందే ఆక్సిజన్ అయిపోతుంది, పిల్లవాడు నీళ్ళ కింద చప్పుడు లేకుండా స్పృహ కోల్పోతాడు. బాగా ఈత వచ్చినవాళ్ళే ఇలా ప్రాణాలు పోగొట్టుకుంటారు. తల్లిదండ్రులూ, ఇది మీ పిల్లలతో ఈరోజే మాట్లాడండి.

ఒలింపిక్ ఈత వీరుడు మైకేల్ ఫెల్ప్స్ స్టార్టింగ్ బ్లాక్ మీద నిలబడి రెండు చేతుల్నీ రెక్కల్లా ఆడించి వీపు మీద చప్‌మని కొట్టుకోవడం ఫోనులో చూడని ఈత కుర్రాడు లేడు. జిల్లా పోటీల్లో ప్రతి లేన్‌లోనూ ఒక చిన్న ఫెల్ప్స్ కనిపిస్తాడు. ముచ్చటగానే ఉంటుంది. కానీ ఫెల్ప్స్ ఆ పని చేసేటప్పటికి పక్క కొలనులో చాలా దూరం ఈది, ఒళ్ళంతా వేడెక్కించుకుని, బ్లాక్ ఎక్కేదాకా మందపాటి కోటు కప్పుకుని వచ్చాడు. ఫోనులో కనబడేది ఆ చివరి పది సెకన్లే. ఒళ్ళు చల్లగా ఉన్న పిల్లవాడు ఆ చప్పుడు కోసం చేతులు విసురుకుంటే భుజం పట్టేస్తుంది.

ఇక నీళ్ళలో. దిగడం కాళ్ళతో దిగాలి, తలతో దూకకూడదు. పోటీల రోజున వార్మప్ లేన్లలో ఇది నియమం కూడా. ఒకే లేన్‌లో పదిమంది ఈదుతుంటే పైనుంచి దూకినవాడు ఎవరి తల మీద పడతాడో తెలియదు. మొదట 200 మీటర్లు తీరుబడిగా ఫ్రీస్టయిల్, చెయ్యి పొడుగ్గా చాచి, నీళ్ళలో పూర్తిగా ఊపిరి వదులుతూ. తరవాత 100 మీటర్లు బ్యాక్‌స్ట్రోక్. తరవాత కిక్‌బోర్డ్ పట్టుకుని కొంత, స్ట్రోక్ దిద్దుకునే డ్రిల్ కొంత. ఆ పైన 25 మీటర్లవి నాలుగు, మొదటిది నెమ్మదిగా, నాలుగోది దాదాపు పందెం వేగంతో. చివర ఒకటో రెండో డైవులు, టర్నులు. పన్నెండు, పదమూడేళ్ళ పిల్లలకు మొత్తం 600 నుంచి 800 మీటర్లు సరిపోతుంది. ఎనిమిదేళ్ళవాళ్ళకు 200 చాలు. అంత చిన్నవాళ్ళకు పెద్దవాళ్ళ లెక్క పెడితే వార్మప్‌కే అలసిపోయి అసలు పాఠం నేర్చుకోలేరు.

బ్రెస్ట్‌స్ట్రోక్ ఈదే పిల్లల గురించి విడిగా చెప్పాలి. ఆ స్ట్రోక్‌లో కాలు కప్పలా విచ్చుకుని చుట్టూ తిరిగి తన్నుతుంది. మోకాలు మామూలుగా మడత పెట్టి చాపడానికి ఏర్పడిన కీలు. దానికి ఈ పక్కకు తోపు కొత్త. మోకాలి లోపలి వైపు ఉన్న లిగమెంటు మీద భారం పడుతుంది. అమెరికాలో 1985లో వెలువడిన ఒక అధ్యయనం బ్రెస్ట్‌స్ట్రోక్ ఈతగాళ్ళ మోకాలి నొప్పుల్ని పరిశీలించింది. ఎక్కువ ఏళ్ళుగా ఈదేవాళ్ళలో, ఎక్కువ దూరం ఈదేవాళ్ళలో నొప్పులు ఎక్కువ ఉన్నాయి. దాంతోపాటు వార్మప్ దూరం తక్కువ ఉన్నవాళ్ళలోనూ ఎక్కువ ఉన్నాయి. కాబట్టి బ్రెస్ట్‌స్ట్రోక్ పిల్లలు మొదట ఫ్రీస్టయిల్ కిక్‌తో కాళ్ళు వేడెక్కించుకుని, ఆ తరవాతే కప్ప తన్నుడుకు రావాలి. అది కూడా మొదట మెల్లగా.

పోటీల రోజు ఇంకో కథ. పొద్దున ఏడింటికి వార్మప్ ఇస్తారు. పిల్లవాడి ఈవెంట్ పదకొండున్నరకి. మధ్యలో ఉపన్యాసాలు, ప్రైజులు, లేట్లు. పిల్లవాడు తడి ట్రంకుతో, భుజాన ఒక తువ్వాలుతో, షామియానా కింద ఫోను చూస్తూ కూర్చుంటాడు. ఏడింటి వార్మప్ తొమ్మిదికే చల్లారిపోయింది. 2013లో వెలువడిన ఒక పరిశోధనలో అంతర్జాతీయ స్థాయి ఈతగాళ్ళు ఎనిమిది మంది చేత 200 మీటర్ల ఫ్రీస్టయిల్ రెండు విధాలుగా ఈదించారు. ఒకసారి వార్మప్ అయిన 20 నిమిషాలకు, ఇంకోసారి 45 నిమిషాలకు. 20 నిమిషాల విరామంతో ఈదినప్పుడు సగటున దాదాపు 2 సెకన్లు ముందు వచ్చారు. అదే మనుషులు, అదే వార్మప్, ఆగిన సమయం ఒక్కటే తేడా. అంత ఆరితేరినవాళ్ళకే 2 సెకన్లయితే, సెకనులో పదో వంతుకు పతకం చేజారే మన పిల్లలు గంటలు గంటలు కూర్చోవచ్చా? నీళ్ళలోంచి రాగానే ఒళ్ళు పొడిగా తుడిచి, తడి బట్టలు మార్చి, టీషర్టు, ట్రాక్‌ప్యాంటు, కాళ్ళకు సాక్సు తొడగండి. విశాఖలో సముద్రపు గాలి కొట్టే చోటయినా, జనవరిలో హైదరాబాద్ పొద్దుటి చలిలోనయినా ఇది తప్పనిసరి. ఈవెంట్‌కు అరగంట ముందు పిల్లవాణ్ణి లేపండి. వార్మప్ లేన్ ఖాళీ ఉంటే 200 మీటర్లు ఈది రానివ్వండి. లేదంటే గట్టు మీదే స్కిప్పింగ్, చేతుల సున్నాలు, సగం గుంజీలు. పందెానికి ముందు పిల్లల్ని పోగుచేసే కాల్ రూమ్‌కి పిలిచేదాకా ఒంటి మీద బట్ట ఉండాలి.

ఇప్పుడు చివరి పావుగంట. నిజం చెప్పాలంటే వార్మప్ చేయించే కోచ్‌లున్నారు కానీ కూల్‌డౌన్ చేయించేవాళ్ళు తక్కువ. పందెం అయిపోయింది, టైము వచ్చేసింది, ఇంకా ఈదడం దేనికి అనిపిస్తుంది. ఈత కొట్టేటప్పుడు ఒళ్ళు అడ్డంగా ఉంటుంది, నీళ్ళు చుట్టూ ఒత్తుతుంటాయి. ఆ ఒత్తిడి వల్ల కాళ్ళలో రక్తం తేలిగ్గా గుండెకు చేరుతుంది. గట్టిగా ఈది ఒక్కసారిగా నిచ్చెనెక్కి నిలబడితే నీటి ఒత్తిడి పోయింది, ఒళ్ళు నిలువైంది, రక్తాన్ని పైకి నెట్టే కాలి కండరాలు ఆగిపోయాయి. విచ్చుకుని ఉన్న రక్తనాళాల్లో రక్తం కాళ్ళ దగ్గరే నిలిచిపోతుంది. పిల్లకు కళ్ళు బైర్లు కమ్ముతాయి, వాంతి వస్తుందంటుంది. పొద్దున ఏమీ తినలేదు అందుకే అనుకుంటాం. చాలాసార్లు కారణం ఆ ఉన్నపళాన ఆగడం.

అందుకని ఆగకుండా 200, 300 మీటర్లు మెల్లగా ఈదించాలి. ఫ్రీస్టయిల్ కొంత, బ్యాక్‌స్ట్రోక్ కొంత. బటర్‌ఫ్లై ఈదిన పిల్లలు ఇప్పుడు బటర్‌ఫ్లై జోలికి పోకూడదు. చెయ్యి పొడుగ్గా, ఊపిరి నిదానంగా, ఒక్కో ల్యాప్ ముందుదానికంటే నెమ్మదిగా. పిల్లలకు నాడి చూసుకోవడం నేర్పండి, వాళ్ళకు అది భలే ఇష్టం. మెడ పక్కన రెండు వేళ్ళు పెట్టి 10 సెకన్లు లెక్కపెట్టాలి. 20 లోపుకు వస్తే, అంటే నిమిషానికి 120 లోపుకు దిగితే, బయటికి రావచ్చు.

లాక్టిక్ ఆసిడ్ కడిగేయడానికే కూల్‌డౌన్ అని అంటుంటారు. అందులో సగం నిజం ఉంది. గట్టి పందెం తరవాత రక్తంలో లాక్టేట్, అంటే ఆ ఆసిడ్ తాలూకు పదార్థం, బాగా పెరుగుతుంది. ఊరికే కూర్చుంటే మెల్లగా తగ్గుతుంది, మెల్లగా ఈదుతుంటే త్వరగా తగ్గుతుంది. అదే రోజు ఇంకో పందెం ఉన్నవాళ్ళకు ఇది చాలా పెద్ద విషయం. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో ఫెల్ప్స్ 17 సార్లు నీళ్ళలోకి దిగి 8 స్వర్ణాలు గెలిచాడు. ప్రతి పందెం తరవాతా పక్క కొలనులోకి వెళ్ళి మళ్ళీ ఈదేవాడు. అయితే మర్నాడు వచ్చే ఒళ్ళు నొప్పులకు కారణం ఈ లాక్టేట్ కాదు. అది కదలకుండా కూర్చున్నా ఒకటి రెండు గంటల్లో మామూలు స్థాయికి వచ్చేస్తుంది. మర్నాటి నొప్పులు కండరపు పోగుల్లో కలిగే సూక్ష్మమైన దెబ్బల వల్ల. ఇంకో సంగతి, పదేళ్ళ పిల్లల్లో లాక్టేట్ పెద్దవాళ్ళంత పెరగదు. పందెం తరవాత వాళ్ళు మనకంటే త్వరగా తేరుకుంటారు. మరి వాళ్ళకెందుకు కూల్‌డౌన్ అంటే, పైన చెప్పిన కళ్ళు తిరగడాన్ని తప్పించడం కోసం, భుజాల కోసం, అన్నింటికీ మించి స్ట్రోక్ కోసం. అలసిపోయి ఈదిన చివరి ల్యాపుల్లో మోచెయ్యి దిగిపోతుంది, తల పైకి లేస్తుంది, చేతులు అడ్డదిడ్డంగా పడతాయి. ఆ చెడ్డ స్ట్రోక్‌తోనే బయటికొస్తే చేతులు దాన్నే అలవాటు చేసుకుంటాయి. నిదానంగా, శుభ్రంగా ఈదిన 200 మీటర్లతో రోజు ముగిస్తే మర్నాడు కోచ్ పని సులువవుతుంది.

బయటికొచ్చి, తుడుచుకుని, బట్టలు మార్చుకున్నాక ఇప్పుడు సాగదీతలు. గుమ్మం పక్కన నిలబడి మోచెయ్యి గుమ్మానికి ఆనించి ఛాతీ ముందుకు తేవడం. ఒక చేతిని ఛాతీకి అడ్డంగా తెచ్చి రెండో చేత్తో పట్టుకోవడం. గోడకు చేతులు ఆనించి పిక్కలు సాగదీయడం. తొడల ముందు భాగం, తుంటి. ఒక్కోటి 20, 30 సెకన్లు, ఊగకుండా. లాగినట్టు ఉండాలి, నొప్పి పుట్టకూడదు. ఐదారు నిమిషాల పని.

మన ఎండల సంగతి మరిచిపోకూడదు. మే నెలలో పైకప్పు లేని కొలనుల్లో నీళ్ళు 30 డిగ్రీలు దాటతాయి. అప్పుడు వార్మప్ ఎండలో కాకుండా నీడలో, కాస్త తగ్గించి చేయించాలి. నీళ్ళలో ఉన్నా చెమట పడుతుంది, తెలియదంతే. లేన్ చివర ప్రతి పిల్లకూ ఒక నీళ్ళ సీసా ఉండాలి. మధ్యమధ్యలో తాగించాలి. పొద్దుటి బ్యాచ్‌కు ఖాళీ కడుపుతో పంపకండి. అరగంట ముందు ఒక అరటిపండు చాలు. ఈత అయ్యాక పాలో, గుడ్డో, పెసరట్టో, నాలుగు పల్లీ ఉండలో, ఇంట్లో ఏది ఉంటే అది త్వరగా పెట్టండి.

చివరగా కొలను నడిపేవాళ్ళకు, కోచ్‌లకు నా విన్నపం. బ్యాచ్ గంటే అయితే, ఆ గంటలోనే నీళ్ళలో మొదటి ఐదు నిమిషాలు, చివరి ఏడెనిమిది నిమిషాలు వీటికి కేటాయించండి. విజిల్ ఊదేది నిచ్చెనెక్కడానికి కాకుండా, కూల్‌డౌన్ మొదలుపెట్టడానికి అయితే ఎంత బాగుంటుంది. గట్టు మీది వార్మప్‌కు పిల్లల్ని పావుగంట ముందు తెమ్మని చేరే రోజునే తల్లిదండ్రులకు చెప్పండి, నోటీసు బోర్డు మీద రాయండి. తల్లిదండ్రులు కూడా గంటలో ఎన్ని ల్యాపులు కొట్టించారని కాకుండా, ఈరోజు భుజాలు ఎలా ఉన్నాయి అని పిల్లల్ని అడగండి. చెయ్యి తల మీదికి ఎత్తితే నొప్పి అన్నా, స్కూల్ బ్యాగు తగిలించుకుంటే నొప్పి అన్నా, రాత్రి ఆ పక్కకు తిరిగి పడుకోలేకపోతున్నా ఈత ఆపించండి. రెండు మూడు రోజుల విశ్రాంతితో తగ్గకపోతే ఎముకల డాక్టరుకో, ఆటగాళ్ళను చూసే ఫిజియోథెరపిస్టుకో చూపించండి. నొప్పి మందు వేసి మళ్ళీ నీళ్ళలోకి పంపకండి. డాక్టరు ఆరు వారాలు చేతులు ఆడించవద్దంటే, ఆ ఆరు వారాలూ కిక్‌బోర్డ్ పట్టుకుని కాళ్ళతో ఈదే వీలుంటుందేమో కూడా అడగండి. చాలామంది పిల్లలకు వీలుంటుంది.